నవ్వకుండా గడిపిన ఎండాకాలం

ఆ రోజుల్లో నాకు పరీక్షల కన్నా పళ్ళే పెద్ద బెంగ. రామన్నపేట దగ్గర మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. అవి తాగి పెరిగిన మా ఈడు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. పదో తరగతి రాసేదాకా ఆ సంగతే పట్టించుకోలేదు. ఆ ఎండాకాలం చున్నీ వచ్చాకే, నోరు తెరవడం ఎంత ప్రమాదమో తెలిసింది. (చున్నీ ఆ అమ్మాయి పేరు కాదు. కట్టంగూర్ నుంచి సెలవులకు మేనమామ ఇంటికి వచ్చింది. ఎప్పుడు చూసినా ముక్కు దాకా చున్నీ చుట్టుకుని ఉంటుందని మేం పెట్టుకున్న పేరు. ఎండకు భయపడుతుందనుకున్నాం.)

నా దోస్తు డబ్బా (నీళ్ల డబ్బాలు మోస్తాడని వాడికీ మేం పెట్టిన పేరే) వాళ్ల అబ్బాకు, అంటే నాన్నకు, ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉండేది. చున్నీ రోజూ పొద్దున సైకిల్ మీద క్యాను పెట్టుకుని వచ్చేది. ప్లాంటంతా నా మీదే నడుస్తున్నట్టు ఆ వేళకు నేనూ హాజరు. "నిండిందా?" అని ఆమె అడిగితే పెదాలు బిగించి "ఊఁ" అనేవాణ్ణి. "రేపు తెరిచే ఉంటదా?" "ఊఁ." నెలరోజుల నా ప్రేమ సంభాషణ ఇంతే.

"ఒక్కపారి నవ్వురా, ఏం పోతది?" అనేవాడు డబ్బా.

"నా పండ్లు చూస్తే గా పిల్లే పోతది."

"నాయి గూడ గట్లనే ఉన్నయ్ గదరా! నేను నవ్వుతలేనా?"

"నువ్వు ప్రేమిస్తలేవు గదా!" అని ఏడ్చినంత పని చేశాను.

బొగ్గుతో తోమాను, ఉప్పుతో తోమాను, నిమ్మచెక్క రుద్దాను, ఆఖరికి ఇటుకపొడి కూడా. "పండ్లు తోముతున్నవా, ఇత్తడి బిందె తోముతున్నవా బిడ్డా?" అంది అవ్వ. బిందైతే మెరిసేది. నాకు మాత్రం చిగుళ్ళు వాచి, చల్లటి నీళ్లు తగిలితే ప్రాణం పోయేది. నీళ్ల ప్లాంటులో కూర్చుని దాహంతో మాడాను. పదిహేనేళ్లకే నా బతుకు అయిపోయిందని నిజంగా నమ్మాను.

వెళ్లిపోయే రోజు ఖాళీ క్యాను ఇవ్వడానికి వచ్చింది. మేనమామ రోడ్డు మీద బండి ఇంజను ఆపకుండానే హారన్ కొడుతున్నాడు. ఆమె నన్ను వదిలేసి డబ్బాతో అంది, "మీ దోస్తుకు మస్తు గర్వం. నెల సంది చూస్తున్న, ఒక్కనాడన్న నవ్వలే."

"గర్వమా? వాడు పండ్లు దాస్తుండు!" అని పకపకా నవ్వాడు వాడు.

చున్నీ ఆగలేక నవ్వేసింది. ముసుగు జారింది. అవే చారలు, నా పళ్ళ మీదున్నవే. చటుక్కున నోరు మూసుకుని, "నేను గూడ," అంది. ఈ లోకంలో నాకోసమే అన్న మాట అదొక్కటే అనిపించింది. నేను తేరుకుని నవ్వేసరికి ఆమె ఎక్కిన బండి మలుపు తిరిగింది. ఎదురుగా డబ్బా ఒక్కడే ఉన్నాడు.

మరుసటి ఏడు ఇంటింటికీ నల్లా నీళ్లొచ్చాయి. ఊరంతా సంబరం, డబ్బా వాళ్ల అబ్బాకూ నాకూ తప్ప. ఆమె మళ్లీ వచ్చిందో లేదో, ప్లాంటు వైపైతే రాలేదు.

మొన్న దవాఖానలో పళ్ళకు తెల్లటి తొడుగులు వేయించుకున్నాను. డాక్టరమ్మ అద్దం చేతికిచ్చి నవ్వమంది. అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. తీసి, నవ్వాను. బాగానే ఉంది. చున్నీకి చూపించాల్సిన పళ్ళు మాత్రం ఇక ఎవరికీ కనబడవు.