నంద్యాల గది, ఆళ్లగడ్డ గది

మొన్న ఉదయం దినపత్రిక జిల్లా పేజీలో మా తోడల్లుడి ఫొటో పడింది. నంద్యాలలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, డేటా సెంటర్లను తక్కువ కరెంటుతో, తక్కువ ఖర్చుతో నడపడమెలాగో విద్యార్థులకు ఉపన్యసించాడట. మెడలో దండ, భుజం మీద శాలువా, పక్కన చేతులు కట్టుకొని నిలబడిన ప్రిన్సిపాలు. నా భార్య ఆ ముక్కను కత్తిరించి, నేను పూటపూటా మందులు తీసుకునే అలమర తలుపుకే అంటించింది. తన చెల్లెలి భర్త కాబట్టి ఆమెకు సంతోషం ఉండవచ్చు, కాదనను. కాని ఇంట్లో ఇంకా చాలా తలుపులు ఉన్నాయి.

కంప్యూటరు అంటే చెప్పులు విప్పి దగ్గరికి వెళ్ళవలసిన వస్తువుగా ఉన్న రోజులు నా ఈడు వారికి జ్ఞాపకం ఉంటాయి. పాణ్యం, సంజామల, ఉయ్యాలవాడ వంటి చోట్ల శాఖలున్న ఒక విత్తనాల సంస్థలో నేనూ మా తోడల్లుడూ పనిచేసేవాళ్ళం. శాఖల లెక్కలన్నీ దాచే యంత్రాల గదులు రెండు ఉండేవి. నంద్యాలది నా అధీనంలో, ఆళ్లగడ్డది అతని అధీనంలో. చదువు ఇద్దరిదీ ఒకటే, ఉద్యోగంలో నేను పెద్ద, ఇంటి అల్లుళ్ళలోనూ నేనే పెద్ద. మా నాయన క్రైస్తవ మిషన్ బడిలో హెడ్మాస్టరు; బెంచీలు ఒకదాని వెనుక ఒకటి నూలు పట్టి గీసినట్టు ఉండాలనీ, పిల్లలందరి ముఖాలూ నల్లబల్ల వైపే ఉండాలనీ ఆయన నియమం. ఆ నియమంతోనే నా గదిలో యంత్రాల బీరువాలన్నిటినీ తలుపు వైపు ముఖం పెట్టి వరసలు తీర్చాను. బయట నంద్యాల ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల మా గుమాస్తాలు మఫ్లర్లు చుట్టుకొని కూర్చునేవారు. అంత చలి పెట్టినా వెనుక వరస యంత్రాలు వేడెక్కి మొరాయించేవి. అవి మొరాయించినప్పుడల్లా నేను ఇంకొక ఏసీ అడిగేవాణ్ణి, ప్రధాన కార్యాలయం గొణుక్కుంటూ ఇచ్చేది.

ఒక ఏడాది ఎండలు ముదరకముందే ఆ గొణుగుడు ఆజ్ఞగా మారింది. ఈ కరెంటు బిల్లులు భరించలేమనీ, వేసవి ముగిసేసరికి ఏ గది తక్కువ ఖర్చుతో నడుస్తుందో దానినే ఉంచి రెండోదానిని మూసివేస్తామనీ తెలియజేశారు. నేను కలవరపడలేదు. ఆళ్లగడ్డ గది పాత పత్తి గోదాము, కిటికీ రెక్కలు కూడా సరిగా కలవవు. దానికీ నా గదికీ పోటీ ఏమిటనుకున్నాను.

ఆ వేసవిలోనే మా బావమరిది పెళ్ళి ఆళ్లగడ్డ చర్చి ఆవరణలో జరిగింది. ప్రార్థన ముగిసి బంతి వేశారు. రెండేసి వరసలు ఎదురుబొదురుగా కూర్చుంటే, నడిమి సందులో వడ్డించేవారు, వీపుల వెనుక సందులో తిని లేచేవారు నడిచారు. పెద్దల్లుణ్ణి కాబట్టి మొదటి బంతిలోనే కూర్చొని, ఆకులు సమంగా వేశారో లేదో చూసుకుంటున్నాను. మా తోడల్లుడు సాంబారు బకెట్టుతో వచ్చి, నా ఆకు ముందు గరిటె ఎత్తి అట్లాగే నిలబడిపోయాడు.

"అన్నా, నీ రూములో మిషన్లు ఒకదాని వీపు ఇంకోటి చూస్తాండాయి గదా?"

"వరసంటే అట్లే ఉండాల. ముందు సాంబారు పొయ్యప్పా."

"ముందుదాని వీపులోంచి వచ్చే వేడి గాలినే యెనకది పీలుస్తాది. అంటే ముందోడి ఎంగిలి యెనకోడు తింటాండాడు. ఈడ జూడు, నడిమి సందులో వడ్డిస్తే రెండు వరసలకూ అందుతాది. ఎంగిలి చేతులన్నీ యెనక సందులో పోతాండాయి."

నా పక్కనే ఉన్న మామగారు, "ఏందప్పా నీ మిషన్ల గోల, ఈడ అన్నం ఆరిపోతాంది!" అని విసుక్కున్నారు. బంతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మరుసటి వారమే అతను తన బీరువాలను ఎదురుబొదురుగా తిప్పించి, నడిమి సందులోకే చల్లగాలి వదిలి, ఆ సందు రెండు చివరలా ప్లాస్టిక్ తెరలు వేలాడదీశాడు. బీరువాల మధ్య ఖాళీలను అట్టముక్కలతో మూయించాడు. వెనుక చేరిన వేడిని గోడకు బిగించిన ఫ్యాను బయటికి తోసేది. గదంతా చల్లబరచడం మాని, యంత్రం ముఖానికి మాత్రమే చల్లదనం అందించాడన్నమాట. నేను వెళ్ళి చూశాను. ఒక్క మఫ్లరూ లేదు, ఏసీల్లో సగం ఆపేసి ఉన్నాయి.

"పెళ్ళి పందిరి మాదిరుందప్పా నీ గది" అన్నాను, నొచ్చుకుంటాడని.

"ఆడ పుట్టిన ఉపాయమే గదన్నా! నీకు గూడ మనుషుల్ని పంపిస్తా, ఒక్క పొద్దులో తిప్పేస్తారు" అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ మనుషులను నేను రానివ్వలేదు. చిన్నవాడి పద్ధతి తెచ్చి పెట్టుకున్నాక అది నా గది ఎట్లా అవుతుంది? నేటికీ అదే అంటాను.

వేసవి ముగిసింది, నంద్యాల గది మూతపడింది. యంత్రాలను లారీకెక్కించే రోజు దగ్గరుండి ఒక్కొక్క తీగకూ పేరు రాసి చీటీ కట్టించాను. ఆ చీటీల చక్కదనాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. నన్నూ ఆళ్లగడ్డకే వేశారు, అతని కింద. రోజూ బస్సెక్కి వెళ్ళి, నా చేతుల్లో మొరాయించిన యంత్రాలే అతని సందుల్లో బుద్ధిగా పనిచేయడం చూస్తూ పదవీ విరమణ దాకా గడిపాను. అందరి ముందూ అన్నా అనే పిలిచేవాడు, నేను గదిలోకి వస్తే లేచి కుర్చీ వేసేవాడు. తప్పు పట్టడానికి ఏమీ మిగల్చని మనిషి పక్కన పనిచేయడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. ఇప్పటి పెద్ద డేటా సెంటర్లలోనూ వరసలు అట్లాగే ఉంటాయనీ, తనకంటే ముందే లోకంలో ఎవరెవరో ఆలోచించిన పద్ధతే అదనీ ఉపన్యాసంలో తానే చెప్పాడట. ఆ వినయం కూడా ఫొటో కిందనే అచ్చయింది.

ఆ గదులు రెండూ ఇప్పుడు లేవు. నాది సెల్‌ఫోన్ల దుకాణమైంది, అతనిది మళ్ళీ గోదామైంది. సంస్థ లెక్కలు ఏ ఊళ్ళో ఉన్నాయో అక్కడ పనిచేసే పిల్లలకే తెలియదు. వేడి ఎంతో చలి ఎంతో యంత్రాలే చూసుకొని, తమంతట తామే సరిదిద్దుకుంటాయట. ఖర్చు తగ్గుతుంది, మంచిదే. కాని ఒక గది నాదని తాళంచెవి జేబులో వేసుకొని తిరగడం, ఒక బస్సు దూరంలో అంతకన్నా బాగా నడిచే గది ఇంకొకరిదని తెలిసి అన్నం సహించకపోవడం, ఇవేవీ ఈ తరానికి ఉండవు. ఎక్కడుందో తెలియని గదిని తలుచుకొని ఎవరు మాత్రం అసూయపడగలరు?