చల్లబడని పెట్టె

ఏడేళ్ళుగా ఒక శబ్దాన్ని మోస్తున్నాను. సన్నటి శబ్దం, ఎవరో పళ్ళ సందులోంచి ఊపిరి వదిలినట్టు ఉంటుంది. కుక్కర్ ఆవిరి వదిలినా, ఆటో టైరులో గాలి పోయినా నా చేతిలో పని ఆగిపోతుంది. అదేమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నాలుగో తరగతి దాకా చదివాను. రాయడం అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి. అక్షరాల తప్పుల గురించే అంటున్నాను. రెండో తప్పును సర్దుకోమని అడగను.

మాది కోరుట్ల. బీడీలు చుడతాను. మా ఆయన పోయాక మా పెద్ద చర్చి వాళ్ళు ఆవరణలోనే ఒక గది ఇచ్చారు. ఊడ్చే పని, తాళాలు నాకు అప్పగించారు. మా వాడలో మూడు చర్చిలు. మాది పాతది, పసిపిల్లల తల మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తారు. రేకుల మందిరం వాళ్ళు పెద్దయ్యాక నిండా నీళ్ళల్లో ముంచుతారు. అలా మునగనివాళ్ళకు పరలోకం లేదంటారు. మూడోది జగిత్యాల రోడ్డు మీద ఉంది. చాలా ఏళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

తర్వాత పాస్టర్లు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున చేసే ఆరాధన అందరం కలిసి చేయడం మొదలుపెట్టాం. ఏ చర్చి వాళ్ళ ఇంట్లో చావు జరిగినా మా చర్చి గంట కొట్టాలనుకున్నారు. ముగ్గురూ కలిసి శవాన్ని పెట్టే ఫ్రీజర్ పెట్టె ఒకటి తెచ్చారు. మా దగ్గర ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. వాళ్ళు వచ్చి ముఖం చూసేదాకా శవం ఆగాలి కదా, అందుకు. ముందు అడిగినవాళ్ళకు ఇవ్వాలి, ఏ బాప్తిస్మమని అడగకూడదు. అదొక్కటే నియమం. పెట్టె మా చర్చి సామాన్ల గదిలో ఉండేది. దాని తాళంచెవి నా కొంగుకు ఉండేది.

దేవమ్మ రేకుల మందిరం మనిషి. నా పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. మా ఆయన పోయిన నెలకు, ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే ఒక మాట అంది. "మీ ఆయిన నీళ్ళల్ల మునగకుంటనే పోయె గదనే. ఏడున్నడో ఏమో." బాధతోనే అందేమో. ఆ గొంతులో వెక్కిరింపు ఉందా అని ఎన్నిసార్లో వెతికాను. లేదనే అనిపిస్తుంది. అయినా ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చోలేదు. మూడేళ్ళు. ఈస్టర్ నాడు కలిసి పాడేటప్పుడు కూడా ఆమె గొంతు వినిపించని వైపు వెళ్ళి నిలబడేదాన్ని.

అది మే నెల. ఆ వారమే మా సంఘ పెద్దాయన ఊపిరి అందక మంచాన పడ్డాడు. కొడుకులు దుబాయిలో ఉన్నారు. ఇవాళో రేపో అంటున్నారు. నాకు ఆ గది ఇప్పించింది ఆయనే. ఒక రోజు పొద్దున పదింటికి యోహాను వచ్చాడు. మూడో చర్చి అతను. పెట్టెను ఇళ్ళకు చేర్చి, మళ్ళీ తెచ్చిపెట్టే ట్రాలీ ఆటో అతనిదే.

"అక్కా, తాళంచెయ్యి ఇయ్యి. రేకుల మందిరం దేవమ్మ పానం పోయింది. బిడ్డ సునీత కువైట్‌ల బైలెల్లింది. రేపు పగటాల్లకు ఇంటికత్తదట."

నా చేతిలో బీడీ ఆకు ఉంది. కత్తెర ఉంది. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"ఏం జేత్తవ్ తమ్మీ తీస్కపోయి. పెట్టె చల్లబడ్తలేదు."

యోహాను నవ్వాడు. "పెట్టెక్కూడ నీ లెక్కనే మొండితనం అచ్చిందా అక్కా? మొన్ననే గదా నేను తెచ్చి పెట్టింది. మంచిగనే నడిచె."

"నువ్వు తెచ్చిన కాడికెల్లే గట్లున్నది. ఏడ ఎత్తి పడేసినవో."

అతని నవ్వు పోయింది.

"మెట్‌పల్లి తొవ్వల స్పీడ్ బ్రేకర్ కాడ జరంత ఎగిరింది అక్కా. గప్పుడే అయ్యిందేమో."

"నన్నడుగుతె నాకేమెరుక?"

"మెకానిక్‌ను తోల్కత్త. అరగంటల అత్త. నువ్వు గది తెరిచి పెట్టు."

ఇక్కడిదాకా అది అబద్ధం మాత్రమే. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. మెకానిక్ చూస్తే పెట్టె నడుస్తుంది, నేను నవ్వులపాలవుతాను, దేవమ్మ పెట్టెలో పడుకుంటుంది, సునీత వచ్చి అమ్మ ముఖం చూస్తుంది. నాలుగు రోజులు సిగ్గుపడితే అయిపోయేది. నేను ఆగలేదు.

గది తెరిచాను. పెట్టె వెనక సన్నటి రాగి గొట్టం ఒకటి ఉంటుంది. ఊడ్చేటప్పుడు దాన్ని తగలొద్దని, విరిగితే గ్యాసంతా పోతుందని పెట్టె తెచ్చిన రోజే చెప్పారు. నా చేతిలో బీడీ కత్తెర ఇంకా అలాగే ఉంది. దాన్ని గొట్టం వెనక దూర్చి మెలిపెట్టాను. స్స్... అంది. ఎంతసేపు అందో చెప్పలేను. నిలబడి అయిపోయేదాకా విన్నాను. తర్వాత కత్తెర కొంగుకు తుడిచి, వచ్చి మళ్ళీ ఆకు కత్తిరించాను.

మెకానిక్ వచ్చాడు. గొట్టం విరిగింది, కుదుపుకు అయ్యుంటుంది, జగిత్యాల నుంచి గ్యాసు తెచ్చి బాగుచేసేసరికి రెండు రోజులన్నాడు. ఊళ్ళో అద్దెకిచ్చే పెట్టెలు రెండూ వేరే చావుల దగ్గర ఉన్నాయి. యోహాను ఐసు గడ్డల కోసం ఊరంతా తిరిగాడు. ఆ ఎండకు ఐసు ఎంతసేపు నిలుస్తుంది? సాయంత్రానికి వాసన మొదలైంది. పొద్దు గుంకకముందే మట్టి చేశారు. చర్చి గంట నేనే కొట్టాను.

మర్నాడు సునీత బస్సు దిగి నేరుగా సమాధుల దగ్గరికే వచ్చింది. చేతిసంచికి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. మట్టి కుప్పను చూసి, "ఒక్క పూట ఆగలేదా మా అవ్వ" అంది, ఎవరిని అడుగుతోందో తెలియకుండా. యోహాను రెండు చేతులూ జోడించాడు. "పెట్టె నా బండి మీదనే చెడిపోయింది చెల్లె. తప్పు నాది" అన్నాడు. సునీత అతని వంక చూడలేదు. మట్టి మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. నేను అతని పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

పెద్దాయన కోసమే చేశానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. పెద్దాయన కోసమైతే పెట్టెను దాచాలి కానీ విరగ్గొడతానా? విరిగిన పెట్టె ఆయనకు మాత్రం ఏం పనికొస్తుంది? ఆ చిన్న సంగతి కూడా ఆ క్షణంలో తోచలేదంటే, ఆయన నా మనసులో లేనే లేడు. దేవమ్మ ఉంది. ఆమె అన్న మాట ఉంది. పెద్దాయన ఆ నెలలోనే లేచి కూర్చున్నాడు. ఇంకో ఏడాదిన్నర బతికి, హైదరాబాదులో చిన్నకొడుకు దగ్గర పోయాడు.

చర్చిల మధ్య మాటలు పెరిగాయి. మూడో చర్చి వాళ్ళకు జాగ్రత్త లేదని రేకుల మందిరం వాళ్ళన్నారు. మీ మందిరం మనిషి కోసమే కదా మావాడు పరిగెత్తింది అని వీళ్ళన్నారు. మా వాళ్ళు ఇద్దరినీ అన్నారు. తర్వాతి ఈస్టర్‌కు మూడు చోట్ల మూడు మైకులు పెట్టారు. నా గదిలోకి మూడు పాటలూ ఒకేసారి వచ్చాయి, ఒక్కటీ అర్థం కాలేదు. పెట్టెను బాగుచేశారు కానీ అడగడానికి ఎవరూ రాలేదు. పరదా కప్పుకుని ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. వారానికోసారి నేనే దుమ్ము తుడుస్తాను.

ఎందుకు చెప్పలేదంటే భయం. చెబితే తాళాలు పోతాయి, గది పోతుంది. ఎక్కడికి పోవాలి? మొదట్లో అది నిజమే. ఇప్పుడు నా కూతురు రమ్మంటూనే ఉంది. మరి ఇప్పుడెందుకు భయం? బల్ల ఆరాధన రోజు, ప్రభువు శరీరమని ఇచ్చే రొట్టె తీసుకుంటాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు. రొట్టె నోట్లో ఉండగా దేవుణ్ణి ఏమీ అడగను. అడిగే ముఖం లేదు.

యోహాను ఇప్పుడు సిరిసిల్ల నుంచి మరమగ్గాల బట్ట మోస్తాడు. మా చర్చి ముందు రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. అక్కడికి రాగానే బండిని దాదాపు ఆపేస్తాడు. వెనక ఏమీ లేకపోయినా సరే. చక్రాలు ఒక్కొక్కటే మెల్లగా దింపుతాడు. వెనకున్న వాళ్ళు హారన్ కొట్టి తిడతారు. పట్టించుకోడు. నన్ను చూస్తే "అక్కా, మంచిగున్నవా" అంటాడు. ఉన్నానంటాను.

ఈ కాగితం అతనికి ఇస్తానో లేదో తెలియదు. ఇస్తానని మీకు మాట ఇవ్వలేను, నా మాట ఎలాంటిదో మీకు తెలిసిపోయింది. కానీ ఒక్క ముక్క ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ గొట్టం యోహాను బండి మీద విరగలేదు. నేను విరగ్గొట్టాను. రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి. తిరిగి చూశాను. చదవడానికి వస్తున్నాయి.