పాప కోసం సర్దిన గది

మా ముత్తాత రాఘవరావు నాచారంలో శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. తాత రంగారావు ఎదుట ఊళ్లో ఎవరూ కుర్చీలో కూర్చునేవారు కాదు. దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు మా ఇంట్లో పనివాళ్లు కూడా ఎత్తేవారు కాదు. నేనూ ఏనాడూ నమ్మలేదు.

చిల్కానగర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటికి చెల్లెలు సుధ ఏడో నెలలో శ్రీమంతానికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకని అమ్మ ఒక చిన్న గది సర్దింది. ఆ గదిలోనే నాకు వాసన తగిలింది. చీము, కుళ్లిన చేప కలిసినట్టుంది. ఫినాయిల్‌తో కడిగించాను, బయటి మురుగు మోరీ తీయించాను. పోలేదు. సుధ పక్కన కూర్చుంటే మాత్రం ఏ వాసనా లేదు.

"నీ ముక్కుకు సుత పటేల్గిరీ ఎక్కువైంది రా," అంది అమ్మ. ఇంకెవరికీ ఆ వాసన తెలియలేదు.

శ్రీమంతం నాడు సుధకు ఒళ్లు కాలిపోతోంది. మూత్రంలో మంట అని అంతకుముందు నుంచే అమ్మతో చెబుతోందట.

"అమ్మా, జర దవాఖానకు పోదామే."

"పెద్దింటి బిడ్డవు. గసుంటి ముచ్చట్లు బయట చెప్పుకుంటరా? ధనియాల నీళ్లు తాగు."

మా ఇంటి పద్ధతి ప్రకారం వాయినాలు కడుపుతో ఉన్నామె స్వయంగా ఇవ్వాలి. సుధ వణుకుతూనే అందరికీ ఇచ్చింది. చుట్టాలు తిని, త్రేన్చి, వెళ్లిపోయారు. ఆ త్రేన్పులు తలచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

మర్నాడే ఉమ్మనీరు పోయింది. ఉప్పల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. నర్సు తీసుకుపోతున్న తడిబట్టల్లోంచి అదే వాసన. గదిలో నాకు తగిలినదే. ఈసారి అమ్మ కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఆ రాత్రే కాన్పయింది. పాప రెండు అరచేతుల్లో పట్టేంతే ఉంది.

"ఉమ్మనీటికి ఇన్‌ఫెక్షన్ సోకింది," అంది డాక్టరమ్మ. "కాన్పు ముందే రావడానికి మస్తు కారణాలుంటయి. ఈమెకు మాత్రం ఇదే అనుకుంటున్నం. ఇంత చిన్న పిల్లల మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. నడుస్తదో లేదో ఇప్పుడే చెప్పలేం. మంట అన్ననాడే ఎందుకు తీసుకురాలే?"

అమ్మ గోడవైపు తిరిగింది.

ఇంటికొచ్చి ఆ గది తలుపు తీశాను. ఎవరూ కడగలేదు. వాసన లేదు.

ఉమ్మనీరు పోకముందే, మనిషి లేని గదిలో, అది నా ముక్కుకెలా తగిలిందో ఇప్పటికీ చెప్పలేను.

పాపకు మూడేళ్లు నిండాయి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. రోజూ వ్యాయామం చేయిస్తే గోడ పట్టుకుని కాసేపు నిలబడుతుంది. ఆ వైద్యానికి, పీర్జాదిగూడలో మాకు మిగిలిన ఒకే ఒక్క ప్లాటు అమ్మేశాం.