గుట్టెక్కని ట్రాలీ

కరోనా మాస్కులు మొహాల మీంచి జేబుల్లోకి దిగిన ఏడాది నన్ను వికారాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో సైకాలజిస్టుగా వేశారు. గురువారాలు తాండూరులో కూర్చోవాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. మా అధికారం మాటల వరకే. అందుకే జనం నన్ను ముచ్చట్ల డాక్టరనేవారు. ముచ్చట్లలో నాకున్న పేరు తెలిసిన మావాళ్లు మాత్రం, సర్కారు జీవితంలో ఒక్కసారే సరైన మనిషికి సరైన ఉద్యోగం ఇచ్చిందని మెచ్చుకున్నారు.

ఒక గురువారం రెహానా అనే ఆమె భర్త మహబూబ్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. పేర్లు మార్చి రాస్తున్నాను. అతనికి ట్రాలీ ఆటో ఉంది. ఇళ్లలో పరిచే తాండూరు బండలు వికారాబాద్‌కు చేరవేస్తాడు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా ఒకసారి ఇంజను ఆగిపోయి, బ్రేకు పట్టక, బండలతో సహా వెనక్కి జారి గుట్టను ఆనుకుని ఆగాడు. దెబ్బ తగల్లేదు, బ్రేకులూ బాగుచేయించాడు. కానీ ఘాట్ మొదట్లోకి రాగానే చేతులు వణికేవి, ఊపిరాడేది కాదు. పరిగి మీదుగా చుట్టు తిరిగేవాడు. కిరాయంతా డీజిల్‌కే పోయేది.

"బండి అమ్ముతడంట సార్. అమ్మి కరణ్‌కోట బండల గనులల్ల కూలికి పోతడంట. జర బుద్ధి చెప్పుండ్రి," అంది రెహానా.

భయానికి పదిలో ఎన్ని మార్కులు వేస్తావని అడిగాను. అది మా పనిలో థర్మామీటరు.

"పదకొండు రాసుకోండ్రి సార్."

"పదికే కదయ్యా!"

"గిదేమన్న ఇస్కూలా సార్? ఒకటెక్కువేస్తె ఏం బోయింది?"

ఇలాంటి భయానికి మా పద్ధతి మెట్లు కట్టడం. తప్పించుకున్న కొద్దీ భయం బలుస్తుంది. పారిపోకుండా అక్కడే నిలబడితే శిఖరానికెక్కి, దానంతటదే దిగుతుంది. ముందు ఘాట్ మొదట్లో ఊరికే నిలబడ్డాం. తర్వాత ఖాళీ బండి ఒక మలుపు వరకు. ఆ తర్వాత బండలతో. పక్కన కూర్చున్న నేను గుట్ట మీది పద్మనాభస్వామికి మొక్కిన మొక్కులన్నీ తీర్చాలంటే ఇంకో సర్వీసు చేయాలి.

బండలతో బయల్దేరే ముందు మహబూబ్ నా ఒళ్లో ఒక బండ ముక్క పెట్టాడు. "బ్రేకు పడకపోతె ఎగిరి దుంకి టైరు ఎన్క పెట్టాలె సార్." పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అలాంటి ఊతాలు భయాన్ని బతికిస్తాయని మా చదువు చెబుతుంది. అది గుర్తొచ్చి, మహబూబ్‌కు చెప్పి, బండ ముక్కను రోడ్డు పక్కన దింపేశాను. పేచీ పెట్టకుండా ఒప్పుకున్నాడు. బండి గుట్టెక్కింది. మార్కులు మూడుకు దిగాయి. నయమైందని రాసేశాను.

తర్వాతి గురువారం రెహానా ఒక్కతే వచ్చింది.

"ఏం నయమైంది సార్? మీరు లేని దినాలు పరిగి మీదికెల్లే పోతుండు. గుట్ట మీది కిరాయికి పిలిస్తె, బేస్తవారం సార్ వస్తడు, గప్పుడు గుట్టెక్కుత అంటుండు. బండి కొనేటోడు ఎల్లుండి వస్తుండు!"

అప్పుడు తెలిసింది. బండ ముక్కను దింపాను గానీ, దాని స్థానంలో నేనే కూర్చున్నాను.

మహబూబ్‌ను పిలిపించి, ఆ మధ్యాహ్నమే బండల లోడుతో బయల్దేరాం. ఘాట్ మొదట్లో ఆపించి, దిగి నిలబడి, ఇక ఒక్కడివే ఎక్కమన్నాను.

"ఆగం చేస్తరా సార్ నన్ను? బ్రేకు పడకపోతె?"

"పడకపోతే నేను కూర్చుని మాత్రం చేసేదేముంది?"

నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "గదీ నిజమే. మీరు టైరు ఎన్క పెట్టనీకి గూడ పనికిరారు," అని నవ్వి, గేరు వేశాడు.

మలుపు తిరిగింది బండి. చప్పుడు ఆగిపోతుందేమోనని చెవులు రిక్కించాను. ఆగలేదు. చాలాసేపటికి అతని ఫోన్ వచ్చింది: వికారాబాద్‌లో బండలు దించుతున్నాడట, బండి అమ్మేది లేదట. నేనెక్కడున్నానని అడగలేదు. కోతుల మధ్య నిలబడి బస్సు కోసం చూశాను.

ఆ తర్వాత ఎప్పుడూ, మనిషి భయం తగ్గిందో లేదో నేను పక్కనుండగా కొలవలేదు. మొదటి రోజే, నేను ఏ మెట్టు దగ్గర దిగిపోతానో చెప్పేస్తున్నాను.