అడ్డగీత ఉన్న ఎర్రచెక్క

2019 ఎండాకాలం. డోన్ స్టేషన్ వెనక వీధిలో నా వడ్రంగి కొట్టు. తలుపులు, కిటికీలతో పాటు ఆర్చరీ నేర్చుకునే పిల్లలకు విల్లులు కూడా చేసేవాణ్ణి. మూడు వందల విల్లులు చేశానని అందరికీ చెబుతుంటాను. రాసేటప్పుడైనా నిజం చెప్పాలి కదా: పద్నాలుగు. అందులో రెండు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి.

ఇవి ల్యామినేటెడ్ విల్లులు. అంటే పలుచని చెక్క బద్దలను ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి చేసేవి. లోపల వెదురు, పైన విదేశీ చెక్క. తాడు లాగినప్పుడు మనవైపు బద్ద నలుగుతుంది, అవతలివైపు బద్ద సాగుతుంది. ఆ సాగే బద్దకు చెక్క ఎంచుకోవడంలోనే పనితనమంతా ఉంది. నార నిలువునా ఒకే తీరున పోవాలి. నూనె ఎక్కువున్న చెక్కకు జిగురు పట్టదు. రంగు ఆఖరున చూడాల్సింది.

వేంపల్లె నుంచి మస్తాన్ అనే టైలర్ పదిహేడేళ్ల కూతురు షమీమ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. రాష్ట్ర జట్టు ఎంపికకు ఆమెకు విల్లు కావాలి. నేను ఎర్రటి బద్ద ఒకటి తీసి బల్లమీద పెట్టాను.

“ఎర్రచందనం కాదు గదన్నా? మళ్లా ఫారెస్టోళ్లు నన్ను పట్టుకపోతారు” అన్నాడు మస్తాన్.

“పడాక్ అంటారప్పా దీన్ని. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిండాది. నీ బిడ్డ కోసరమే తెప్పించినా.”

షమీమ్ నవ్వింది. “నేను వస్తానని ఓడోళ్లకు ఎట్ల తెలిసె తాతా?”

ఓడలో వచ్చిన మాట నిజమే. బేతంచెర్లలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి బయటిదేశం మెషీన్ వస్తే, దాని కింద వేసిన దిమ్మె అది. ఏ చెక్కో నాకు తెలియదు. రంగు చూసి ముచ్చటపడి అడిగి తెచ్చుకున్నాను. చిత్రిక పట్టేటప్పుడు నారకు అడ్డంగా వెంట్రుకంత గీత కనబడింది. మెషీన్ బరువుకు చెక్క లోపల నలిగిన గుర్తు. తలుపులకు చేసే అలవాటు కొద్దీ రంపంపొట్టు జిగురులో కలిపి కూరి, నున్నగా రుద్దాను. తలుపును ఎవరూ వంచరు. ఆ బద్దనే సాగే వైపు అతికించాను.

విల్లు ఇచ్చి నెల తిరక్కముందే, షమీమ్ సాధన చేస్తుండగా విల్లు పైభాగం ఆ గీత దగ్గర విరిగింది. ముక్క ఆమె కుడికంట్లో గుచ్చుకుంది. కర్నూలులో డాక్టర్లు చూపు రాదన్నారు.

విరిగిన విల్లు పట్టుకుని మస్తాన్ వచ్చాడు. చూడగానే నా జిగురు నాకు కనబడింది. అయినా నోరు అబద్ధమే ఆడింది.

“బాణం పెట్టకుండా తాడు లాగి వదిలిండాదప్పా. డ్రై ఫైర్ అంటారు. బాణానికి పోవాల్సిన ఊపంతా విల్లుకే తగుల్తాది.”

“అట్ల చేయలేదంటాంది బిడ్డ.”

“పిల్లోళ్లు భయపడి చెప్పరప్పా.”

అతను విల్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

మూడు నెలలు అందరికీ ఆ కథే చెప్పాను. మొదట ఒక్కసారి వదిలిందన్నవాణ్ణి, తర్వాత పదిసార్లన్నాను. ఒకరోజు తలుపు బేరానికి వచ్చిన ఎవరో పెద్దమనిషి ఆ కథ నాకే చెప్పాడు. “ఆ వేంపల్లె పిల్ల శానా మొండిదంట గదన్నా.” ఆ మాటతో విరిగిన ముక్క సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మస్తాన్ మిషన్ మీద ఉన్నాడు. పక్కన షమీమ్ గుండీలు కుడుతోంది. జిగురు నింపిన గీత చూపించి అంతా చెప్పాను. మస్తాన్ మిషన్ ఆపాడు.

“అబద్ధాలు చెప్తాండావని కొట్టినానన్నా దాన్ని” అన్నాడు.

షమీమ్ గుండీ మీది నుంచి తల ఎత్తలేదు. “కన్ను పోయినపుడు నాయన నా పక్కనే కూసున్యాడు తాతా. నువ్వు ఆ డ్రై ఫైర్ మాట చెప్పినాంక లేసిపోయినాడు.”

అడ్డగీత ఉన్న చెక్క విల్లుకు పనికిరాదని ఏ వడ్రంగైనా చెబుతాడు. నేను నేర్చుకున్నది వేరే. మస్తాన్ విరిగిన విల్లు తెచ్చిన రోజునే నిజం చెప్పి ఉంటే, ఆ పిల్లకు పోయేది కన్ను ఒక్కటే.