చింపిన అంచు

ఆదోని పత్తి యార్డు గేటు దగ్గర వెనక్కి వచ్చిన ట్రాలీ కొన తగిలి, మా అన్న కారు ముందరి బంపరు ఎడమ పక్కన చీలిపోయింది. ఆ కారు బాడుగే అన్నకు బతుకుతెరువు. మూడు రోజుల్లో నందవరంలో పెళ్లి. పెళ్లికొడుకును తీసుకుపోయే బండిగా దాన్నే మాట్లాడుకున్నారు. సంగతి తెలిసి పెళ్లిపెద్ద ఫోన్ చేశాడు.

"బండి మూతి పగిలిందంట కదప్పా! అట్లుంటే పెండ్లికొడుకును యెట్లా ఎక్కిస్తాము? బాగు చేపిస్తే సరి, ల్యాకుంటే ఇంగో బండి సూసుకుంటాము."

కొత్త బంపరు రావడానికి వారం పడుతుందన్నారు షాపులో. నేను విరిగినచోట వంగి చూశాను. ప్లాస్టిక్ అయితే నున్నగా విరుగుతుంది. ఇక్కడ గాజు పోగులు తేలి ఉన్నాయి. ఫైబర్‌గ్లాస్! పదో తరగతితో చదువు మాని మగ్గం ఎక్కినదాన్ని. ఆ తర్వాతి చదువంతా ఎమ్మిగనూరు లైబ్రరీ బెంచీ మీదే. అక్కడి కారు మరమ్మతుల ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆసాంతం చదివాను.

"నేను బాగుచేస్తానన్నా."

"నువ్వా? పుస్తకం సూసి మైసూరుపాకు చేస్తివి, సుత్తితో పగలగొట్టుకోని తింటిమి. ఇప్పుడు బండా?"

అంటూనే ఆదోనికి పోయి రెజిన్ అనే జిగురు, అది గట్టిపడటానికి కలిపే మందు, గాజు పోగుల మ్యాట్ తెచ్చాడు.

బంపరు ఊడదీసి మిద్దె మీద పెట్టాము. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని లోపలివైపు గరుకు కాగితంతో రుద్దాను. మ్యాట్‌ను కత్తెరతో తీరుగా కత్తిరించి, రెజిన్ పూసి అతికించాను. ఆరాక నాణెంతో తట్టితే అంచుల వెంట డొల్ల శబ్దం. గోటితో గీరితే మూల లేచి వచ్చింది.

"ఇంగ వాళ్లకు సెప్పేస్తా" అని అన్న ఫోన్ తీశాడు.

"రేపటిదాకా ఆగన్నా" అని లైబ్రరీకి పరుగెత్తాను.

పుస్తకంలో స్పష్టంగానే ఉంది. మ్యాట్ అంచును కత్తిరించకూడదు, చేత్తో చింపాలి. చెదిరిన పోగులు పాత భాగంలో కలిసిపోయి పట్టుకుంటాయి. ఆ మాట ముందే చదివాను. కానీ నేత ఇంటి చేయి, అంచున పోగులు లేస్తే ఊరుకోదు. దానంతటదే కత్తెర అందుకుంది.

అతికిందంతా గీకేసి, కొత్త ముక్క చింపడం మొదలుపెట్టాను. మా నాయన చూసి లబలబలాడాడు.

"యో పాపా, అంచంతా పోగులు లేపుతాండావే! ఎవురన్నా సూస్తే మనకు నేత రాదనుకుంటారు!"

"ఇది చీర కాదు నాయనా, చినిగితేనే అతుక్కుంటాది."

ఎండకు రెజిన్ మగ్గులోనే గడ్డకట్టకుండా నీడలో కొంచెం కొంచెంగా కలిపాను. గాలి బుడగలు పోయేదాకా బ్రష్షుతో పొడిచాను. మర్నాడు నాణెంతో తట్టితే ఖణేల్‌మంది. బయట చీలికను పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది, రంగు కొట్టాను. ఆరాక బంపరును మళ్లీ బండికి బిగించాము.

పెళ్లిపెద్ద స్వయంగా చూడవచ్చాడు. బంపరు ముందు కూర్చుని అటూ ఇటూ తడిమి, చివరికి కుడి పక్కన వేలు పెట్టాడు.

"ఈడనే కదప్పా పగిలింది? బాగానే అతికించినారు."

అన్న పగలబడి నవ్వాడు. "అది పగలనే లేదన్నా! పగిలింది ఆ పక్క. మా సెల్లెలు చేసింది, పుస్తకం సదివి!"

పెళ్లిపెద్ద లేచి ఎడమ పక్కకు వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఏమీ దొరకలేదు.

"పొద్దున్నే బండి పంపియ్యి. పూలు మేమే కట్టిస్తాము" అన్నాడు.