రమణమ్మ పాటలు, నాయుడి చెవులు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో రమణమ్మ గారు పాడిన ఉడుపుల పాటలు, అంటే వరి నాట్లప్పుడు పాడుకునేవి, ఆరూ మాస్టరింగు కోసం నా చేతికి వచ్చాయి. అప్పటికి గోపాలపట్నంలో మా మేడమీది గదిలో నాది ఇరవై ఏళ్ళ సర్వీసు. నన్ను నియమించిందీ, సెలవులు మంజూరు చేసిందీ, చివాట్లు పెట్టిందీ నేనే.

మాస్టరింగంటే ఏమిటో తెలియనివారికి ఒక ముక్క. పాడినవారిది ఒక హోదా. గొంతునూ వాయిద్యాలనూ పాళ్ళు చూసి కలిపే మిక్సింగు ఇంజనీరుది ఒక హోదా. ఆ వరసలో చిట్టచివర నిలబడేవాడు మాస్టరింగువాడు. కొలతలు తీసి చొక్కా కుట్టేది వేరేవాళ్ళు, మేం ఇస్త్రీ చేస్తాం. ఇస్త్రీవాడికి పేరు రాదు గానీ చొక్కా కాల్చే అధికారం మాత్రం పూర్తిగా ఉంటుంది. సన్నని శబ్దాలను వీసమెత్తు పెంచడం, బొంగురు తగ్గించడం, పాటలన్నీ ఒకే మోతాదులో మోగేలా చూడడం మా విధులు.

గది గోడలకు పరుపులు కొట్టించాను. లోపల తుమ్మితే ఆ తుమ్ము తలుపు తీసేదాకా లోపలే తిరుగుతుండేది. మా ఇంటి వెనక పట్టాల మీద పోయే గూడ్సు బండి మాత్రం ఏ పరుపునూ లెక్కచేసేది కాదు. అది పోయేదాకా పని ఆపి టీ తాగాలన్నది నా నిబంధన. ఆ టీలన్నీ ఒకచోట పోస్తే మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు గేట్లు ఎత్తాల్సి వచ్చేది.

పాటలు తెచ్చినవాడు రమణమ్మ గారి భర్త అప్పలనాయుడు. ఊరవతల ఉక్కు కడ్డీలు చేసే ఒక రోలింగు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. భార్య చిన్నప్పుడు పొలంలో నేర్చిన పాటలు ఆమెతోనే ఆగిపోకూడదని పట్టుబట్టి రికార్డు చేయించాడు. యూట్యూబులో పెట్టే పని కూడా నాకే అప్పగించాడు, ఒక్క షరతు మీద.

"నా సెవికి నచ్చితేనే ఎట్టాల బావా. నేదంటే బీరువాలో ఎట్టి తాళం ఏసేత్తాను."

నేను చేసిన మొదటి ప్రతి విని పెదవి విరిచాడు. "గొంతు బాగుంది గానీ, తాళాలేవి? మాయావిడ సేతులు నొప్పెట్టేలా కొట్టింది, ఎవులు మింగీసినారు?"

ఐదు వేల హెర్ట్జ్ నుంచి పైకి, అంటే తాళాల మెరుపూ 'స'కారపు బుసా ఉండే చోట, రెండు డెసిబెల్స్ పెంచాను. వినపడలేదన్నాడు. నాలుగు పెంచాను. దూరంగా ఏదో గల్లుమంటోందన్నాడు. ఎనిమిది పెంచాను. మా వీధి కుక్క కాపురం రుషికొండకు మార్చేసింది. నా కళ్ళజోడు పగిలిందంటే మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

"ఇప్పుడు దారికొచ్చింది," అన్నాడు నాయుడు తృప్తిగా.

మర్నాడు రమణమ్మ గారిని వెంటబెట్టుకొచ్చాడు. పాట మొదలుపెట్టగానే ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "ఓలమ్మో! నాను పాడతన్నానా, కత్తులు సాన పడతన్నానా?"

"నీకు పాడ్డం వచ్చు గానీ ఇనడం రాదే," అన్నాడు నాయుడు.

నాకు అనుమానం వచ్చింది. స్పీకర్లు తనిఖీ చెయ్యాలని అబద్ధమాడి ఇద్దరినీ చేతులెత్తమన్నాను. సన్నని మోత ఒకటి పైపైకి పోతుంది, అది ఆగిపోగానే చేయి దించాలి. ఆరు వేల హెర్ట్జ్ దాటకముందే నాయుడి చేయి దిగింది. మోత ఇంకా ఈలలా గదంతా కోస్తోంది. రమణమ్మ గారి చేయి పైనే ఉంది. ఆవిడ నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తలాడించింది.

పరుపుల మధ్య ఫోను సిగ్నలు అందదు. నాయుడు ఎవరికో ఫోను చెయ్యాలని కిందికి దిగగానే ఆవిడ గొంతు తగ్గించింది.

"పదేళ్ళ బట్టీ తెలుసు తమ్ముడూ. కుక్కరు కూతలన్నీ నానే లెక్కెడతన్నాను. మిల్లులో సెవుల్లో ఎట్టుకోమని బిరడాలిత్తే జేబులో ఏసుకుని మీసం దువ్వుకుంటా తిరిగినాడు. ఇప్పుడు సెప్తే మనిషి కుంగిపోతాడు."

"మరి పాటల సంగతేంటక్కా?"

"ఆయన సెవికి ఒకటి సెయ్యి, ఊరికి ఒకటి సెయ్యి."

మా వృత్తిలో ఇంతకు మించిన నేరం లేదు. ఆఖరి ప్రతి ఒక్కటే ఉండాలి, దాన్నే మాస్టరు అంటాం. అయినా నేరం చేశాను. కత్తులసాన ప్రతి నాయుడి ఫోనులోకి, మామూలు ప్రతి యూట్యూబులోకి వెళ్ళాయి.

నాలుగో రోజు నాయుడు మెట్లు అదిరేలా ఎక్కొచ్చాడు. గాజువాకలో మేనల్లుడి ఇంట, పదిమంది చుట్టాల ముందు టీవీలో యూట్యూబు పెట్టించాడట.

"నా తాళాలు మళ్ళీ ఎవులు తీసీసినారు బావా? మొత్తం పీకీ యూట్యూబులోంచి. ఆవిడ పాట సెడిపోయి జనంలోకి పోకూడదు."

నాకు అప్పటికప్పుడు ఆరు అబద్ధాలు తట్టాయి. అందులో మూడు అందమైనవి కూడా. కానీ ముప్పై ఏళ్ళు మీటర్లు చూసి బతికిన మనిషికి అబద్ధం కంటే మీటరే మేలనిపించింది. మామూలు ప్రతిని పెట్టి, ఏ శబ్దం ఎంత ఉందో గీతల్లో చూపించే తెర ఆయన వైపు తిప్పాను. కుడి చివర, సన్నని శబ్దాలుండే చోట, గీతలు పాటతోపాటు లేచిపడుతున్నాయి.

"ఇక్కడ ఎగురుతందేటి?"

"అక్క కొట్టిన తాళాలు, బావా."

నాయుడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పాటంతా తెర మీదే చూశాడు. మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాడు. రెండోసారి గీత లేచిన ప్రతిసారీ వేలితో మోకాలి మీద దరువేశాడు.

"మీటరు తప్పు సూపదు," అన్నాడు చివరికి. "మాయావిడకి తెలుసేటి?"

"పదేళ్ళుగా."

నాయుడు పకపకా నవ్వాడు. "అందుకా, దెబ్బలాటొస్తే గొంతు సన్నం సేసి గొణుగుతాది!"

లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఊరిది ఊరికుండనీ. నా ఫోనులోది నాకుండనీ. నాకు తెలిసిపోనాదని మాత్రం ఆవిడకి సెప్పకు బావా. ఇన్నాళ్ళు దాసింది, బాధపడతాది."

చెప్పలేదు. ఆ పాటలు ఇప్పటికీ యూట్యూబులో ఉన్నాయి.

అప్పటినుంచి నా పని పద్ధతిలో ఒక మార్పు చేశాను. పాట తెచ్చినవారిని ముందు ఏం ఉద్యోగం చేశారని అడిగేవాణ్ణి. స్పీకర్ల తనిఖీ పేరుతో చేయెత్తించి, అది దిగిన అంకె రాసుకునేవాణ్ణి. వారు చెప్పిన లోపాలను ఆ అంకె పక్కన పెట్టి చదివేవాణ్ణి. సగం లోపాలు పాటలో ఉండేవి కావు. తనిఖీలో నేను కూడా చేయెత్తడం అలవాటు. నిరుడు అరవై దాటిన ఒక హెడ్‌మాస్టరు గారి చేయి ఇంకా పైనుండగానే నాది దిగింది. ఆయన పాటలను మరో ఇంజనీరుకు అప్పగించి, ఆ నెలాఖరున రిటైరయ్యాను.